ఒక్క వరస జరిగితే: మందుల రీసెర్చ్ వెనక ఉండే డేటా టీమ్ కథ

ఈరోజు టాపిక్ పేరు చెప్తే సగం మంది పక్క వీడియోకి వెళ్ళిపోతారని తెలుసు. అయినా చెప్తాను: "క్లినికల్ అండ్ ట్రాన్స్‌లేషనల్ రీసెర్చ్‌కి ఇన్ఫర్మాటిక్స్ సపోర్ట్". పేరు ఇంత పొడుగు ఉంది గానీ విషయం మనందరికీ సంబంధించిందే. ఆగండి, వెళ్ళకండి.

క్లినికల్ రీసెర్చ్ అంటే మనుషుల మీద, వాళ్ళ ఒప్పుకోలుతో చేసే వైద్య పరిశోధన. ట్రాన్స్‌లేషనల్ అంటే ల్యాబ్‌లో బల్ల మీద కనిపెట్టిన విషయాన్ని ఆస్పత్రిలో మంచం మీదున్న పేషెంట్ దాకా తీసుకురావడం. ఈ దారి అంతా డేటా మీద నడుస్తుంది. ఎవరికి ఏ మందు ఇచ్చారు, ఎప్పుడిచ్చారు, రక్తపరీక్షలో ఏమొచ్చింది, 28వ రోజు మనిషి ఎలా ఉన్నాడు. వీటన్నిటినీ తప్పుల్లేకుండా రాసి, దాచి, కలిపి, పేర్లు తీసేసి, లెక్కకి అందించే టీమ్‌నే ఇన్ఫర్మాటిక్స్ సపోర్ట్ అంటారు. నేను బీఫార్మసీ చదివి ఈ లైన్‌లోకి వచ్చాను, క్లినికల్ డేటా మేనేజ్‌మెంట్‌లో పని చేస్తున్నాను. మా ఇంట్లో ఇప్పటికీ "మావాడు కంప్యూటర్‌లో మందుల ఉద్యోగం" అనే చెప్తారు. తప్పేం కాదు, దాదాపు అదే.

సరే, ఈ పని ఎందుకు ముఖ్యమో చెప్పాలంటే సాఫ్ట్‌వేర్ దగ్గర మొదలుపెట్టకూడదు. ఒక నిజమైన కేసు చెప్తాను.

అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ. 2006లో అక్కడి డాక్టర్ అనిల్ పొట్టి, ఆయన సీనియర్ జోసెఫ్ నెవిన్స్, ఇంకొందరు కలిసి నేచర్ మెడిసిన్ అనే పెద్ద జర్నల్‌లో ఒక పేపర్ వేశారు. వాళ్ళు చెప్పిందేంటంటే, క్యాన్సర్ గడ్డలోని జీన్లు ఎలా పనిచేస్తున్నాయో చూసి, ఆ మనిషికి ఏ కీమో మందు పనిచేస్తుందో ముందే చెప్పేయొచ్చు. ఆలోచించండి, కీమో అంటే ఒళ్ళంతా గుల్ల చేసే మందు. పనిచేయని మందు ఇచ్చి, మూడు నెలలు పోయాక ఇంకోటి మార్చే బదులు, మొదటి రోజే కరెక్ట్ మందు ఇవ్వగలిగితే? అందరూ ఎగిరి గంతేశారు.

టెక్సస్‌లో ఎం.డి. ఆండర్సన్ అని చాలా పెద్ద క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. అక్కడి డాక్టర్లు కూడా "మేమూ వాడతాం, ఒకసారి చూసి చెప్పండి" అని తమ దగ్గరున్న ఇద్దరు స్టాటిస్టిక్స్ వాళ్ళని అడిగారు. వాళ్ళ పేర్లు కీత్ బ్యాగర్లీ, కెవిన్ కూంబ్స్. ఇద్దరూ బయట పెట్టిన డేటా తీసుకుని అవే లెక్కలు మళ్ళీ వేశారు. ఆన్సర్ రాలేదు. మళ్ళీ వేశారు. రాలేదు. అప్పుడు ఉల్టా పని మొదలుపెట్టారు. వచ్చిన ఆన్సర్ దగ్గర్నుంచి వెనక్కి వెళ్తూ "అసలు ఏం తప్పు చేస్తే ఈ ఆన్సర్ వస్తుంది?" అని వెతికారు.

దొరికింది చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. జీన్ల పేర్ల లిస్టు ఒక్క వరస జరిగిపోయింది. మీకు అర్థమయ్యేలా చెప్తాను. క్లాసులో మార్కుల షీట్ ఉందనుకోండి. ఒక పక్క పేర్లు, ఒక పక్క మార్కులు. పేర్ల కాలమ్ మాత్రం ఒక్క గడి కిందికి జరిగితే? షీట్ చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది. ఎర్ర గీత రాదు, ఎర్రర్ మెసేజ్ రాదు. కానీ ప్రతి ఒక్కరికీ పక్కవాడి మార్కులు పడతాయి. అక్కడ జరిగింది అదే, మార్కుల బదులు జీన్లు.

అంతకంటే భయంకరమైంది ఇంకోటి. కొన్ని చోట్ల "మందుకి లొంగుతుంది", "మందుకి లొంగదు" అనే లేబుల్స్ తారుమారయ్యాయి. అంటే ఆ టెస్ట్ చెప్పినట్టు నడిస్తే, పేషెంట్‌కి పనిచేయని మందునే ఏరి కోరి ఇచ్చినట్టు అవ్వొచ్చు.

ఇది కాగితం మీద ఆగిపోతే గొడవ లేదు. 2007 నుంచి డ్యూక్‌లో ఈ పద్ధతి ఆధారంగా ఊపిరితిత్తుల క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ పేషెంట్ల మీద ట్రయల్స్ మొదలయ్యాయి. మూడు ట్రయల్స్, వందకు పైగా మనుషులు. బ్యాగర్లీ, కూంబ్స్ రాసిన ఉత్తరాలకి జర్నల్స్‌లో పెద్దగా స్పందన రాలేదు. 2009లో వాళ్ళు ఒక స్టాటిస్టిక్స్ జర్నల్‌లో వివరంగా వేసి, ఈ లెక్కల ఆధారంగానే ఇప్పుడు పేషెంట్లకి మందులు కేటాయిస్తున్నారని సూటిగా రాశారు. అప్పుడు ట్రయల్స్ ఆపారు. యూనివర్సిటీ రివ్యూ చేయించి 2010 మొదట్లో మళ్ళీ నడిపించింది. అదే ఏడాది జులైలో, డాక్టర్ పొట్టి తన బయోడేటాలో రోడ్స్ స్కాలర్ అని పెట్టుకున్నది అబద్ధమని ఒక వార్తాపత్రిక బయటపెట్టాక ట్రయల్స్ మళ్ళీ ఆగాయి, ఈసారి పూర్తిగా మూసేశారు. చూడండి ఎంత విడ్డూరమో. డేటా తప్పని ఏళ్ళ తరబడి మొత్తుకుంటే కదలని వ్యవహారం, బయోడేటాలో ఒక్క లైన్‌కి కదిలింది. ఆ ఏడాది నవంబర్‌లో ఆయన రాజీనామా చేశారు, 2011 జనవరిలో పేపర్ వెనక్కి తీసుకున్నారు. 2015లో అమెరికా ప్రభుత్వ పరిశోధనా నైతికత విభాగం, ఆయన తప్పుడు డేటా వాడారని తేల్చింది. ఆయన దాన్ని ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు.

ఇక్కడ ఎవరు మంచి ఎవరు చెడు అనేది నా పాయింట్ కాదు. బ్యాగర్లీ వాళ్ళ మాట ఒకటుంది, నాకు అది చాలా ఇష్టం: ఎక్కువగా జరిగే తప్పులు చాలా మామూలు తప్పులు. వరస జరగడం, లేబుల్ మారడం. మామూలు తప్పుల్ని మామూలు జాగ్రత్తతో పట్టుకోవచ్చు, కానీ అది ఎవరో ఒకరి డ్యూటీ అయి ఉండాలి. డాక్టర్ ఖాళీ దొరికినప్పుడు చేసుకునే పని కాకూడదు.

మధ్యలో ఒక చిన్న ముచ్చట. ఫోన్‌లో మీరు తెలుగు మాట ఇంగ్లీష్‌లో టైప్ చేస్తే ఆటోకరెక్ట్ దాన్ని ఇంకేదో చేస్తుంది కదా? ఎక్సెల్ కూడా సైంటిస్టులకి అదే చేసింది. "సెప్ట్2" అని ఒక జీన్ ఉండేది. ఎక్సెల్‌లో కొట్టగానే సెప్టెంబర్ 2 అయిపోయేది. "మార్చ్1" జీన్ మార్చి 1 అయ్యేది. 2016లో ఒక టీమ్ చెక్ చేస్తే, ఎక్సెల్‌లో జీన్ లిస్టులు జతచేసిన పేపర్లలో ఐదింట ఒక వంతులో ఇలాంటి తప్పులున్నాయి. చివరికి ఎవరు దిగొచ్చారో తెలుసా? జీన్లే. 2020 నాటికి వాటి పేర్లే మార్చేశారు, సెప్టిన్2, మార్చ్‌ఎఫ్1 అని. ఆ ఆటో మార్పుని ఆపుకునే సెట్టింగ్ ఎక్సెల్‌లో 2023లో గానీ రాలేదు.

ఓకే, మరి మా లాంటి టీమ్ ఏం చేస్తుంది?

ఒక కుర్ర డాక్టర్ వచ్చి, "500 మంది షుగర్ పేషెంట్లని ఏడాది పాటు ఫాలో అవుతాను, గూగుల్ ఫారమ్ పెట్టేస్తా చాలు" అంటాడు అనుకోండి. మొదటి ప్రశ్న "వయసు?". నింపిన వాళ్ళు ఏం రాస్తారు? ఒకరు 45 అంటారు, ఒకరు 45 ఇయర్స్, ఒకరు 45 స్లాష్ ఎం, ఇంకొకరు ఏకంగా పుట్టిన తేదీ. తేదీ అంటే ఇంకో తలనొప్పి. 03/04 అంటే మనకి ఏప్రిల్ 3, అమెరికా వాడికి మార్చి 4. "షుగర్ ఎంత?" అని అడిగారు, 180 అని రాశారు. పరగడుపునా? తిన్నాకా? పరగడుపున 180 అంటే ఒక కథ, తిన్న రెండు గంటలకి 180 అంటే ఇంకో కథ. ఏడాది తర్వాత అడుగుదామంటే ఆ పేషెంట్ ఎక్కడుంటాడో ఎవరికి తెలుసు?

కాబట్టి అసలు పని మొదటి పేషెంట్ రాకముందే అయిపోవాలి. మేం డాక్టర్ పక్కన కూర్చుని ప్రశ్నలు రాయిస్తాం. ఏ ప్రశ్న లేకపోయినా పర్లేదో అది తీసేయిస్తాం, దీనికే ఎక్కువ గొడవ పడాల్సి వస్తుంది. ప్రతి రీసెర్చర్‌కీ అన్నీ కావాలి. అన్నీ అడిగితే ఏదీ సరిగ్గా నిండదు.

ఈ పనికి ప్రపంచంలో బాగా వాడే సాఫ్ట్‌వేర్ ఒకటి రెడ్‌క్యాప్. నాష్‌విల్‌లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో పాల్ హ్యారిస్ టీమ్ 2004లో తయారు చేసింది. లాభం కోసం కాని సంస్థలకి ఫ్రీ. ఇప్పుడు వందకు పైగా దేశాల్లో నడుస్తోంది. బయటికి చూస్తే గూగుల్ ఫారమ్‌లాగే ఉంటుంది. తేడా లోపల. బీపీ గడిలో 1300 కొడితే "ఇది లిమిట్ దాటింది" అని అప్పుడే అడుగుతుంది. మగవాళ్ళని గర్భం గురించి అడగదు, ఆ ప్రశ్నే కనబడదు. పైగా ఎవరు ఏ రోజు ఎన్ని గంటలకి ఏ అంకెని ఏ అంకెగా మార్చారో మొత్తం రికార్డ్ అవుతుంది. మార్చడం నేరం కాదు, మార్చినట్టు తెలియకుండా మార్చడమే సమస్య. సిగ్నల్ లేని ఊరికి వెళ్ళినా ఫోన్ యాప్‌లో ఎంట్రీ చేసుకుని తర్వాత అప్‌లోడ్ చేయొచ్చు.

ఆ తర్వాత మా రోజువారీ పని ఉంటుంది, దాన్ని క్వెరీ అంటాం. "మేడమ్, పేషెంట్ 017, మూడో విజిట్ తేదీ రెండో విజిట్ కంటే ముందుంది. ఒకసారి ఫైల్ చూసి చెప్తారా?" అని అడుగుతాం. అటునుంచి సైట్ కోఆర్డినేటర్ "ఇప్పుడే ఓపీ రష్‌లో ఉన్నానండీ, సాయంత్రం చూస్తాను" అంటారు. ఇలా రోజుకి పదులకొద్దీ. సినిమా తీసే పని కాదు. అమీర్‌పేటలో "క్లినికల్ ఎస్ఏఎస్" బోర్డులు చూసుంటారు, ఆ కోర్సులు నేర్పేది ఈ లైన్‌లో తర్వాతి మెట్టు. శుభ్రం చేసిన డేటాని టేబుల్స్‌గా, లెక్కలుగా మార్చడం. కోర్సు చేసే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఒక మాట: కోడ్ ఎవరైనా నేర్పుతారు, 1300 చూసి అనుమానం రావడం మాత్రం ఫైల్స్ చూస్తేనే వస్తుంది.

ఇప్పుడు మీ ఫోన్‌కి బాగా దగ్గరైన విషయం, ప్రైవసీ. "పేరు, ఫోన్ నంబర్ తీసేశాం కదా, ఇంక ఎవరికి తెలుస్తుంది?" అని చాలామంది అనుకుంటారు. 1990లలో అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం తన ఉద్యోగుల ఆస్పత్రి రికార్డుల్ని పేర్లు తీసేసి పరిశోధకులకి ఇచ్చింది. లటాన్యా స్వీనీ అప్పటికి ఎంఐటీలో స్టూడెంట్. ఆవిడ 20 డాలర్లు పెట్టి కేంబ్రిడ్జ్ ఊరి ఓటర్ల లిస్టు కొన్నారు. రెండూ పక్కపక్కన పెట్టారు. ఆ రాష్ట్ర గవర్నర్ విలియం వెల్డ్ పుట్టిన తేదీతో ఆ ఊళ్ళో ఉన్నది ఆరుగురు, వాళ్ళలో మగవాళ్ళు ముగ్గురు, ఆయన జిప్ కోడ్‌లో ఉన్నది ఒక్కడే. అంతే, సాక్షాత్తూ గవర్నర్ గారి వైద్య రికార్డు దొరికిపోయింది. అమెరికా జనాభాలో 87 శాతం మందిని పుట్టిన తేదీ, ఆడా మగా, జిప్ కోడ్, ఈ మూడింటితోనే విడిగా గుర్తుపట్టొచ్చని తర్వాత ఆవిడే లెక్క తేల్చారు.

అందుకే ఇప్పుడు పేరు తీసేస్తే పని అయిపోయినట్టు కాదు. రెడ్‌క్యాప్‌లో ఒక సదుపాయం ఉంది, నాకు చాలా నచ్చుతుంది. డేటా బయటికి ఇచ్చేటప్పుడు ఒక పేషెంట్ తేదీలన్నిటినీ ఒకేలా కొన్ని రోజులు జరిపేస్తుంది. ఒకరికి 41 రోజులు, ఇంకొకరికి 200 రోజులు. ఆపరేషన్‌కి, డిశ్చార్జ్‌కి మధ్య గ్యాప్ మారదు కాబట్టి లెక్క చెడదు, అసలు తేదీ మాత్రం ఎవరికీ తెలియదు. బోస్టన్‌లో పుట్టిన ఐ2బి2 అని ఇంకో టూల్ ఉంది. "మన ఆస్పత్రిలో ఈ జబ్బు ఉన్న 60 దాటిన ఆడవాళ్ళు ఎంతమంది?" అని అడిగితే పేర్లు చూపించదు, అంకె మాత్రమే ఇస్తుంది. ఆ అంకెని కూడా కొంచెం అటూఇటూ జరిపి ఇస్తుంది. ఎందుకంటే ఇవాళ 12 అని, రేపు ఒక చిన్న షరతు కలిపి అడిగితే 11 అని వస్తే, ఆ తప్పిపోయిన ఒక్కరు ఎవరో పట్టేయొచ్చు. స్టడీ చేయడానికి సరిపడా పేషెంట్లు ఉన్నారా లేదా తెలియడానికి మూడు అంకెల తేడా ఏం అడ్డం కాదు.

డ్యూక్ కథ చెప్పి భయపెట్టాను కాబట్టి, బాగా జరిగితే ఎలా ఉంటుందో కూడా చెప్పాలి.

2020 మార్చి. కోవిడ్‌కి ఏ మందు పనిచేస్తుందో ఎవరికీ తెలియదు. ఆక్స్‌ఫర్డ్‌లో పీటర్ హార్బీ, మార్టిన్ ల్యాండ్రే అనే ఇద్దరు ప్రొఫెసర్లు రికవరీ అనే ట్రయల్ పెట్టారు. ప్లాన్ రాసిన తొమ్మిది రోజులకే మొదటి పేషెంట్ చేరాడు, మార్చి 19న. మామూలుగా దానికి నెలలు పడుతుంది. ఎలా కుదిరింది? వార్డులో నర్సులకి ఊపిరాడని టైమ్ అది. అందుకని ఫారమ్‌ని వీలైనంత చిన్నది చేశారు. చేరేటప్పుడు ఆన్‌లైన్‌లో కొన్ని ప్రశ్నలు, డిశ్చార్జ్ అయినప్పుడో, చనిపోయినప్పుడో, 28వ రోజో ఇంకొక్క ఫారమ్. మిగతాదంతా బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ దగ్గర ఆల్రెడీ ఉన్న రికార్డుల నుంచి తెచ్చుకున్నారు. అక్కడ ఎక్కువ మందికి ఒక ఎన్‌హెచ్‌ఎస్ నంబర్ ఉంటుంది. ఆ ఒక్క నంబర్‌తో ఆస్పత్రి రికార్డు, మరణాల రికార్డు అన్నీ కలుస్తాయి.

జూన్ 16న రిజల్ట్ వచ్చేసింది. మూడు నెలలు కూడా కాలేదు. డెక్సామెథాసోన్, దశాబ్దాలుగా ఉన్న చవక స్టెరాయిడ్. వెంటిలేటర్ మీదున్న వాళ్ళలో మామూలు వైద్యంతో 28 రోజుల్లో 41 శాతం మంది చనిపోతే, ఇది ఇచ్చిన వాళ్ళలో 29 శాతం. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళకీ కొంత మేలు. కానీ అదే టేబుల్‌లో ఇంకో వరస ఉంది, జాగ్రత్తగా వినండి: ఆక్సిజన్ అవసరం లేని వాళ్ళకి మేలు కనిపించలేదు. ఈ రెండో వరస తేలింది కూడా, ఎవరు ఆక్సిజన్ మీదున్నారు, ఎవరు లేరు అనేది చేరే రోజే ఫారమ్‌లో అడిగారు కాబట్టి. ఆ ఒక్క ప్రశ్న ఎత్తేసి ఉంటే అందరినీ కలిపి "కొంచెం పనిచేస్తుంది" అని తేలేది.

2021 వేసవి మనకి గుర్తుంది కదా. వాట్సాప్‌లో తిరిగిన ప్రిస్క్రిప్షన్లు, జ్వరం వచ్చిన రెండో రోజే ఇంట్లో స్టెరాయిడ్లు. షుగర్ ఉన్నవాళ్ళు, ఆపైన స్టెరాయిడ్లు, ఆపైన బ్లాక్ ఫంగస్. టేబుల్‌లో మొదటి వరస అందరికీ ఫార్వర్డ్ అయింది. రెండో వరస అవలేదు.

మరి మన దగ్గర రికవరీ లాంటిది అంత ఈజీగా ఎందుకు కుదరదు? ఒక కారణం మన పేర్లలోనే ఉంది. ఒకే మనిషి ఒక ఆస్పత్రిలో కె. లక్ష్మి, ఇంకోచోట లక్ష్మి కె., ఆధార్‌లో ఇంటిపేరు మొత్తం, ల్యాబ్‌లో "లక్ష్మి" స్పెల్లింగ్‌లో ఒకచోట కె హెచ్, ఒకచోట ఎక్స్. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారితే సరేసరి. వయసు "సుమారు 50". ఇద్దరు లక్ష్ముల రికార్డులు కలిసిపోవచ్చు, ఒక లక్ష్మి రెండుగా విడిపోవచ్చు. ఆభా నంబర్ అని 14 అంకెలది ఇస్తున్నారు కదా, 2021 సెప్టెంబర్‌లో దేశమంతా మొదలైంది, దాని ఉద్దేశం ఈ రికార్డుల్ని కలపడమే. కలపడం ఎంత ఈజీ అయితే వెల్డ్ గారి కథ జరగడం కూడా అంత ఈజీ అవుతుంది. నా అభిప్రాయం అడిగితే నంబర్ ఉండాలి, దాంతోపాటు ఎవరు ఎప్పుడు తెరిచారో చూపించే రికార్డూ ఉండాలి.

చివరిగా పనికొచ్చే విషయం. మీ అమ్మగారినో, తాతయ్యనో ఏదైనా ట్రయల్‌లో చేరమని డాక్టర్ అడిగితే, ముందు సీటీఆర్‌ఐలో చూడండి. ఐసీఎంఆర్ కింద నడిచే ట్రయల్స్ రిజిస్ట్రీ అది. 2007 జులైలో మొదలైంది, 2009 జూన్ నుంచి మందుల ట్రయల్స్ అందులో నమోదు చేయడం తప్పనిసరి. ఫోన్‌లోనే వెతకొచ్చు, ఫ్రీ. తర్వాత సమ్మతి పత్రం. దాన్ని తెలుగులో ఇమ్మని అడగండి, అది మీ హక్కు. సంతకం పెట్టే ముందు మర్యాదగా ఈ నాలుగు ముక్కలు అడగండి: "సార్, నా వివరాలు ఎవరెవరు చూస్తారు? పేరు ఉంటుందా, నంబర్ ఉంటుందా? రక్తం శాంపిల్ ఈ స్టడీ అయ్యాక ఉంచుతారా, పారేస్తారా? మధ్యలో మానేస్తే అప్పటిదాకా ఇచ్చిన డేటా ఏమవుతుంది?" ఎప్పుడైనా, కారణం చెప్పకుండా మానేయొచ్చు, దానివల్ల మీకు మామూలుగా అందే వైద్యం ఆగకూడదు. సరిగ్గా నడిచే టీమ్‌కి ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు రెడీగా ఉంటుంది, ఎందుకంటే అవన్నీ ఎథిక్స్ కమిటీ ముందు రాసిచ్చినవే. "అవన్నీ మీకెందుకమ్మా" అంటే మాత్రం ఆ రోజు సంతకం పెట్టకుండా కాగితం ఇంటికి తెచ్చుకోండి.

క్లినికల్ ఎస్ఏఎస్ కోర్సు ఎవరికి సెట్ అవుతుంది, ఎవరికి అవ్వదు అనేది వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటాను.